మానిటర్ అంచున అంటించిన చీటీలు

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఎప్పట్లాగే మా లైబ్రరీకి వెళ్లాను. కంప్యూటర్ మానిటర్ అంచు చుట్టూ చిన్న చిన్న చీటీలు అంటించి ఉన్నాయి. లెక్కపెడితే ఏడు. ఒకదాని మీద లైబ్రేరియన్ మేడమ్ గారి గుండ్రటి చేతిరాత: ‘1956 గ్రూపు ఫొటో. ఎడమ నుంచి మూడో ఆయన సెక్రటరీ గారు కాదు, వారి తమ్ముడు. మాస్టారు చెప్పారు.’ కింద తేదీ వేసి ఉంది, జూన్ నెలది.

“ఇవేంటి మేడమ్?” అని అడిగాను.

“మన సైట్లో తప్పులు బాబూ. నువ్వొచ్చినప్పుడు దిద్దుతావని రాసి పెట్టా.”

జూన్ నుంచి జనవరి దాకా, ఏడు నెలలు, ఒక మనిషి ఫొటో కింద ఇంకో మనిషి పేరు ఉంది. అది తప్పని లైబ్రరీకి వచ్చేవాళ్లందరికీ తెలుసు. ఏం రాయాలో చీటీ మీద ఉంది. పాస్‌వర్డ్ మేడమ్ గారి డ్రాయర్లో ఉంది. అయినా దిద్దలేదు. అదే కేటలాగ్ కార్డులో తప్పు కనపడితే ఆవిడ ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం పెడతారు. అర నిమిషం పని.

ఆ సైటు మూడేళ్ల కిందట కట్టింది నేనే. అందుకే ఆ చీటీలు నన్ను చాలా రోజులు వదల్లేదు. లైబ్రరీలకీ మ్యూజియాలకీ వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ గురించి అందరూ ‘యూజర్ ఫ్రెండ్లీ’ అనే మాట వాడతారు. సైటు ఎంత తొందరగా తయారైంది, ఎంత అందంగా ఉంది అన్నదే దానికి కొలత అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు నా కొలత వేరు. కట్టినవాడు ఊళ్లో లేనప్పుడు, రోజూ ఆ కుర్చీలో కూర్చునే మనిషి ఒక్క తప్పుని ఎంతసేపట్లో దిద్దగలరు? దీనికి జవాబు ‘ఏడు నెలలు’ అయితే ఆ సాఫ్ట్‌వేర్‌కి ఎన్ని అవార్డులొచ్చినా మా ఊరి లైబ్రరీకి అది పనికిరాదు.

నలభై నిమిషాలు

కనుమ రోజు లైబ్రరీకి ఎవరూ రారు. మేడమ్ గారిని అడిగి ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఆ 1956 ఫొటో పేరు మీరే మార్చండి, నేను పక్కన కూర్చుని చూస్తానంతే, నోరు తెరవను అని చెప్పాను. ఆవిడ తన నోట్‌బుక్ తీశారు. మూడేళ్ల కిందట నేను గంటసేపు ట్రైనింగ్ ఇచ్చినప్పుడు రాసుకున్నది. ఒకటి నుంచి పంతొమ్మిది దాకా మెట్లు. నాలుగో మెట్టులో ‘కుడివైపు పైన నీలం బటన్ నొక్కాలి’ అని ఉంది. మధ్యలో ఎప్పుడో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయి, ఆ బటన్ ఎడమవైపుకి పోయింది. నీలం కూడా కాదిప్పుడు. నోట్‌బుక్ అక్కడితో ఆగిపోయింది.

ఆవిడ ఆగలేదు. మెనూలో ‘ఐటెమ్స్’, ‘కలెక్షన్స్’, ‘మీడియా’ అని మూడు ఉన్నాయి. దిద్దాల్సింది ఫొటో కాబట్టి మీడియాలోకి వెళ్లారు. ఎవరైనా అక్కడికే వెళ్తారు. ఫొటో దొరికింది, దాని కింద పేర్లు మాత్రం లేవు. ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ లెక్కలో ఫొటో అనేది ఫైలు. పేర్లు ఉండేది ‘ఐటెమ్’లో. కట్టినవాడికి ఆ తేడా కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. ఫొటోని చేత్తో పట్టుకుని వెనక రాసిన పేర్లు చదివిన మనిషికి ఆ తేడా ఎందుకు ఉండాలో తెలియదు.

తర్వాత వెతికారు. ‘గ్రూపు ఫొటో’ అని కొట్టారు. ఏమీ రాలేదు. మూడేళ్ల కిందట నేను ‘గ్రూప్ ఫోటో’ అని ఎక్కించాను. కొమ్ము ఒక చోట తేడా, ఓత్వం ఒక చోట తేడా. చివరికి నాలుగు వందల పేర్ల జాబితాని ఒక్కొక్క పేజీ తిప్పుకుంటూ పట్టుకున్నారు. ‘ఎడిట్’ నొక్కితే పదిహేను గళ్లు తెరుచుకున్నాయి, అన్నిటికీ ఇంగ్లిష్ పేర్లు. ఫొటో కింద కనపడే పేర్లు వీటిలో ఏ గడిలోవి? రెండు గళ్లు చూసి, మూడోదాంట్లో పట్టుకుని, పేరు మార్చారు. అప్పటికి పేజీ కిందికి వచ్చేసింది. ‘సేవ్’ బటన్ పైన ఉంది, కనపడలేదు. మార్చేశాను కదా అనుకుని వెనక్కి వెళ్లారు. రాసింది పోయింది.

“నాకు రాదు బాబూ ఇది” అన్నారు.

గడియారం చూస్తే నలభై నిమిషాలు. ఆవిడ ఇరవై రెండేళ్లుగా ఆ లైబ్రరీ నడుపుతున్నారు. పుస్తకాల్ని విషయం వారీగా సర్దే డ్యూయీ వర్గీకరణ నంబర్లు చూడకుండా చెప్తారు. ఏ బీరువాలో ఏ అరలో చెద పట్టిందో, ఏ సంపుటం ఎవరింటికి వెళ్లి తిరిగి రాలేదో చెప్తారు. అలాంటి మనిషి చేత ‘నాకు రాదు’ అనిపించింది ఆ తెర. రానిది ఆవిడకి కాదు. దాన్ని తయారు చేసినవాళ్లకీ, తెచ్చి అక్కడ పెట్టిన నాకూ ఆవిడ పని రాదు.

సాఫ్ట్‌వేర్ పేరు చెప్పడం లేదు, కారణం ఉంది. ఉచితంగా, మంచి మనసుతో, తక్కువ మందితో నడిచే ప్రాజెక్టు అది. ఈ ఇబ్బందులు దానొక్కదానివే కావు కూడా.

పదిహేను గళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి

ఆ పదిహేను గళ్ల మీద నాకు మొదట బాగా కోపం వచ్చింది. తర్వాత తగ్గింది. ఎందుకు తగ్గిందో చెప్పాలి.

1995లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్ అనే ఊళ్లో లైబ్రరీవాళ్లూ కంప్యూటర్ వాళ్లూ కలిసి కూర్చున్నారు. వెబ్ పెరిగిపోతోంది, ప్రతి వస్తువు గురించీ కనీసం కొన్ని విషయాలు రాస్తే ఎక్కడున్నా వెతుక్కోవచ్చు అనుకున్నారు. దాంట్లోంచి వచ్చిందే డబ్లిన్ కోర్. పేరు, కర్త, విషయం, వివరణ, ప్రచురణకర్త, తేదీ, భాష, హక్కులు, ఇలా పదిహేను. 2008లో జార్జ్ మేసన్ యూనివర్సిటీలోని చరిత్ర కేంద్రం ఇలాంటి సైట్లు కట్టుకునే ఒమేకా అనే సాఫ్ట్‌వేర్‌ని విడుదల చేసినప్పుడు దానికీ ఇదే పునాది. ఒమేకా స్వాహిలీ మాట. సరుకు విప్పి పరచడం, ప్రదర్శించడం అని అర్థం. సంతలో మూట విప్పినట్టు. నాకు ఆ పేరు చాలా ఇష్టం. సర్వర్లు నడపడం తెలియని చిన్న సంస్థలు కూడా తమ దగ్గరున్నది లోకానికి చూపించాలన్న ఆలోచన ఆ పేరులోనే ఉంది.

కాబట్టి పదిహేను గళ్లని తీసిపారేయమని నేను అనను. తీసేస్తే ఏమవుతుందో మన కళ్ల ముందే ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేసింది. వాటిలో చాలావరకు ఇప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్నాయి. పుస్తకం ఉంటుంది, దాని పేరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్లు కొట్టినట్టు ఉంటుంది. రచయిత గడిలో ఒకోసారి సంపాదకుడు, ఒకోసారి ఏమీ ఉండదు. ఆ పుస్తకాల కోసం ఎన్ని రకాల స్పెల్లింగులతో వెతికామో ఈ బ్లాగు చదివేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. తెలుగు వికీపీడియా వాళ్లు కూర్చుని ఆ జాబితాల్ని తెలుగు లిపిలోకి తెచ్చేదాకా సగం పుస్తకాలు ఉండీ లేనట్టే. క్రమశిక్షణ లేని వివరం వల్ల జరిగిన నష్టం అది.

గళ్లు ఉండాలి. కానీ అవి మేడమ్ గారి ముందు ఏ పేరుతో, ఏ వరసలో తెరుచుకోవాలి? ఆవిడ దగ్గర ఒక అక్సెషన్ రిజిస్టర్ ఉంది, లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఎక్కించే పుస్తకం. వరస సంఖ్య, వచ్చిన తేదీ, గ్రంథకర్త, గ్రంథం పేరు, ప్రచురణ, సంవత్సరం, పుటలు, వెల, ఎలా వచ్చింది, రిమార్కులు. దశాబ్దాలుగా అదే వరస. సాఫ్ట్‌వేర్ మొదటిసారి తెరిచినప్పుడే ‘మీ రిజిస్టర్లో ఏమేం గళ్లున్నాయి?’ అని అడిగి, ఆ పేర్లనే తెర మీద చూపించి, లోపల మాత్రం వాటిని డబ్లిన్ కోర్‌కి ముడిపెట్టుకుంటే సరిపోతుంది కదా. ఇది గాల్లో మేడ కాదు. 2017లో వచ్చిన ఒమేకా కొత్త రూపం, ఒమేకా ఎస్‌లో టెంప్లేట్ అనే సదుపాయం ఉంది. ఏ గళ్లు చూపించాలో ఎంచుకోవచ్చు, ‘క్రియేటర్’ అనే చోట ‘గ్రంథకర్త’ అని మన పేరు పెట్టుకోవచ్చు. అంటే కుదురుతుందని తేలిపోయింది. దాన్ని కట్టేవాడు వెతుక్కుని వాడాల్సిన సదుపాయంగా కాకుండా మొదటి మెట్టుగా పెట్టాలన్నదే నా వాదన. మా సైటు కట్టినప్పుడు నేను రిజిస్టర్ తెరిచి కూడా చూడలేదు. రెండ్రోజుల్లో సైటు పైకి లేపాలని ఒకటే హడావుడి.

రిజిస్టర్లో నాకు అన్నిటికంటే విలువైందిగా కనపడింది రిమార్కుల గడి. ‘ముందు 8 పుటలు లేవు.’ ‘అట్ట మారింది, లోపల వేరే పుస్తకం.’ ‘వరదలో తడిసింది.’ ఒక చోట, ‘దాత గారి భార్య వచ్చి ఒకసారి చూసుకుని వెళ్లారు.’ ఇలాంటి మాటలకి పదిహేను గళ్లలో చోటు వెతికితే దొరుకుతుంది, కానీ ఇక్కడ రాయవచ్చు అని ఏ గడీ పిలవదు.

సాధారణ నామ సంవత్సరం

చీటీల్లో ఒకటి తేదీ గురించి. ఒక పాత పత్రిక సంచిక మీద ‘సాధారణ నామ సంవత్సర వైశాఖము’ అని మాత్రమే ఉంది. తేదీ గడి రోజు, నెల, సంవత్సరం మూడూ అడుగుతుంది. మూడూ ఇవ్వకపోతే సేవ్ కాదు. మూడేళ్ల కిందట నేను గబగబా లెక్కేసి 1970, జనవరి 1 అని కొట్టాను. సాధారణ అరవయ్యేళ్లకోసారి వస్తుంది. 1970లో వచ్చింది, 1910లోనూ వచ్చింది. ఆ కాగితం, ఆ అచ్చు, లోపలి ప్రకటనలు చూసిన ఎవరైనా అది 1910ది అని చెప్తారు. నేను పత్రిక చూడలేదు, స్కాన్ చేసిన ఫైలు పేరు చూశాను.

ఇలాంటివి మన దగ్గర కొల్లలు. నిజాం కాలపు కాగితాల్లో ఫసలీ సంవత్సరం (శిస్తు లెక్కలకి వాడినది) ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది, కానీ సంవత్సరం మొదలయ్యే నెల వేరు కాబట్టి రెండు సంవత్సరాల మధ్య పడుతుంది. తాళపత్రాల చివర శాలివాహన శకం ఉంటుంది, దానికి 78 కలపాలి, మళ్లీ అదే చిక్కు. చాలా ఫొటోలకి ‘స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో’ తప్ప ఏమీ దొరకదు.

ఇక్కడ నా స్నేహితుడొకరు అభ్యంతరం చెప్పారు. ఎక్కడో అమెరికాలో, న్యూజిలాండ్‌లో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి మన ప్రభవ విభవలు ఎలా తెలుస్తాయి, ప్రతి ఊరి పంచాంగాన్నీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టమంటే ఎలా అని. న్యాయమైన ప్రశ్నే. కానీ వాళ్లకి ప్రభవ విభవలు తెలియక్కర్లేదు. తేదీకి రెండు భాగాలుంటే చాలు. వస్తువు మీద ఉన్నది ఉన్నట్టు మాటల్లో రాసే చోటు ఒకటి. వరసలో పెట్టుకోవడానికి ‘ఇంచుమించు ఇప్పటి నుంచి ఇప్పటి దాకా’ అని అంకెల్లో ఇంకొకటి, అది ఖాళీగా వదిలినా ఒప్పుకోవాలి. లైబ్రరీ కేటలాగింగ్‌లో ఈ మర్యాద కంప్యూటర్లు రాకముందు నుంచే ఉంది. పుస్తకం మీద లేని సంవత్సరాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టి, నమ్మకం లేకపోతే పక్కన ప్రశ్నార్థకం వేస్తారు. ఆ ప్రశ్నార్థకం చాలా గొప్పది. ‘ఇది నా అంచనా, మీకు తెలిస్తే దిద్దండి’ అని తర్వాత వచ్చేవాళ్లకి చెప్తుంది. తెర మీది తేదీ గడిలో ప్రశ్నార్థకం కొడితే ఎర్రగా హెచ్చరిక వస్తుంది. అంటే ఊహించిన అబద్ధానికి చోటుంది, నిజాయితీగా చెప్పిన అనుమానానికి లేదు.

వెతికితే దొరకాలి

వెతకడం గురించి ఎంత చెప్పినా తక్కువే. ‘గ్రంథాలయం’ అని సరిగ్గా రాసేవాళ్లెందరు, ‘గ్రంధాలయం’ అని రాసేవాళ్లెందరు? బోర్డుల మీదే రెండూ ఉంటాయి. పాత పుస్తకాల పేర్లలో ‘ము’ ఉంటుంది, వెతికేవాళ్లు సున్నా పెడతారు. అరసున్న ఉన్న పేరుని అరసున్న లేకుండా వెతుకుతారు, బండి ఱ ఉన్న చోట మామూలు ర కొడతారు. పైగా మన భాషలో విభక్తి మాటకి అతుక్కుంటుంది. ‘గ్రంథాలయం’ అని వెతికితే ‘గ్రంథాలయానికి’ అని రాసిన పేజీ రాదు. ఇంగ్లిష్‌లో ఏకవచనం, బహువచనం తేడాని ఎంతో కాలంగా పట్టించుకుంటున్న వెతుకుడు యంత్రాలు మన ఐదారు చిన్న తేడాల్ని పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. థ, ధ ఒకటే అనుకో, చివర ము, సున్నా ఒకటే అనుకో, అరసున్న లేదనుకో, మాట చివర ఒక ముక్క వదిలేసి మొదటి భాగంతో కలుపు. ఇంతవరకు చేసినా సగం ఇబ్బంది పోతుంది. ఇది విదేశాలవాళ్లు చేయాల్సిన పని కాదు, మనలో ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లు రాసి ఇవ్వాల్సింది.

పేర్ల సంగతి ఇంకొకటి. కొన్ని చోట్ల ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ అని రెండు గళ్లు ఉంటాయి. మనం గురజాడ అని ఇంటిపేరుతో పిలుచుకుంటాం, వీరేశలింగం అని అసలు పేరుతో పిలుచుకుంటాం. శ్రీశ్రీ అంటే తెలిసినంతగా శ్రీరంగం శ్రీనివాసరావు అంటే అందరికీ తట్టదు. పాత కార్డుల డ్రాయర్లో దీనికి చక్కటి ఉపాయం ఉంది. ‘శ్రీనివాసరావు, శ్రీరంగం – శ్రీశ్రీ చూడుము’ అని ఒక కార్డు పెడతారు, అంతే. ఎటునుంచి వచ్చినా దారి చూపించే ఆ ‘చూడుము’ కార్డుని మేడమ్ గారు చిటికెలో రాస్తారు. మా సైట్లో అలాంటిది పెట్టాలంటే నాకే సాయంత్రం పట్టింది.

అసలు సైటు ఎందుకు?

నాకున్న పెద్ద సందేహం ఇది, దాచుకోను. మేడమ్ గారికి సైటు రాదు గానీ వాట్సాప్ బాగా వచ్చు. లైబ్రరీ గ్రూపులో పాత ఫొటో పెట్టి, కీబోర్డు మీది మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడితే అదే అక్షరాలవుతుంది. పది నిమిషాల్లో ‘ఆ వెనక నిలబడింది మా నాన్న’ అని ఎవరో రాస్తారు. ఆ 1956 ఫొటోలో తప్పు బయటపడింది కూడా అక్కడే, మాస్టారు గ్రూపులో చూసి ఫోన్ చేశారు. మరి ఫేస్‌బుక్ పేజీ, వాట్సాప్ గ్రూపు ఉంటే చాలదా? లేని ఓపిక తెచ్చుకుని సైటు ఎందుకు?

చాలా రోజులు ఆలోచించాను. చాలదనే అనిపించింది. వాట్సాప్‌లో పెట్టిన ఫొటో చిక్కిపోతుంది, పెద్దది చేస్తే మొహాలు అలుక్కుపోతాయి. రెండు నెలల తర్వాత ఎవరైనా అడిగితే మేడమ్ గారు వేలితో పైకి తోసుకుంటూ పోవాలి. ఫోన్ మారిస్తే అదీ ఉండకపోవచ్చు. మాస్టారు ఇచ్చిన సమాచారం ఫొటోకి అంటుకోలేదు, గ్రూపులో ఎక్కడో మునిగిపోయింది. ఆయనకి ఎనభై దాటాయి. ఆ వరసలో కూర్చున్నవాళ్లని గుర్తుపట్టగలిగేవాళ్లు మా ఊళ్లో ఇంకో ఇద్దరున్నారు.

అయినా ఆ వాట్సాప్ ఒక పాఠం నేర్పింది. పని మొదలవ్వాల్సింది ఫోన్ దగ్గర, మాట దగ్గర. సైటు నడిపే పేజీ ఫోన్‌లో తెరిస్తే సగం గళ్లు తెర బయటికి పోకూడదు. ఫొటో తీసి, రెండు మాటలు చెప్పి, ‘తర్వాత సర్దుకుంటాను’ అని వదిలేయగలగాలి. ఖాళీలు తీరిక ఉన్నప్పుడు నింపుకోవచ్చు. 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు పుస్తకాల్ని పడవలోకి ఎక్కించి కాలువ వెంట పాఠకుల దగ్గరికి పంపించారు. ఆ కాలంలో జనం కాలువల మీద తిరిగేవాళ్లు కాబట్టి. ఇప్పుడు జనం చేతిలో ఉన్నది ఫోన్.

పెద్ద సంస్థల సంగతి వేరు, వాటి గురించి ఎక్కువ చెప్పను. పుణెలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ వాళ్లు మ్యూజియాల కోసం జతన్ అనే సాఫ్ట్‌వేర్ తయారు చేశారు. సాలార్‌జంగ్, నాగార్జునకొండ మ్యూజియాల వస్తువులు దాని ద్వారా ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. అక్కడ క్యూరేటర్లుంటారు, శిక్షణ ఉంటుంది. నా మనసంతా రెండో రకం చోట్ల మీద ఉంది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టినప్పటి నుంచీ మన లైబ్రరీలు ఎన్నో ఊరివాళ్లు చందాలేసుకుని కట్టుకున్నవే. వాటి అడుగుజాడల్లో పుట్టిన చిన్న చిన్న లైబ్రరీలు ఇంకా ఉన్నాయి. ఒక మనిషి, ఒక బీరువా తాళాల గుత్తి, ఒక పాత కంప్యూటర్. ఐటీ విభాగం అనే మాట అక్కడ లేదు, ఇకముందు ఉండదు కూడా.

సులువైతే ప్రమాదం లేదా?

ఉంది. దిద్దడం తేలికైతే తప్పుగా దిద్దడమూ తేలికే. ఆ మధ్య ఒక పెద్దమనిషి లైబ్రరీకి వచ్చి, స్థాపకుల జాబితాలో మా తాతగారి పేరు కూడా చేర్చండి, వెయ్యి నూట పదహార్లు ఇస్తాను అన్నారట. పాత మినిట్స్ పుస్తకంలో ఆ పేరు లేదు. “సైటు నా చేతిలో లేదండీ, హైదరాబాద్ అబ్బాయి చూస్తాడు” అని చెప్పి మేడమ్ గారు తప్పించుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ రోజు ఆ సాఫ్ట్‌వేర్ కష్టంగా ఉండడమే ఆవిడని కాపాడింది. ఇది విన్నాక నా వాదన నాకే కాసేపు వదులైనట్టు అనిపించింది.

కానీ తాళం కష్టంగా తిరగడం భద్రత కాదు. ఎర్ర పెన్ను పద్ధతిలో భద్రత ఎక్కడుందో చూడండి. కొట్టేసిన మాట గీత కింద ఇంకా కనపడుతుంది, పక్కన సంతకం ఉంటుంది. వికీపీడియాలో ప్రతి పేజీకీ ఉండే ‘చరిత్ర’ సరిగ్గా అదే పని చేస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో ఉంటుంది, వద్దనుకుంటే పాతది తిరిగి తెచ్చుకోవచ్చు. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. ‘ఏదో నొక్కితే అంతా పోతుందేమో’ అన్న టెన్షన్ పోతుంది. మేడమ్ గారు ఏడు నెలలు ఆగడానికి సగం కారణం ఆ భయమే. పోయింది తిరిగి వస్తుందని తెలిస్తే ఆవిడ ఎప్పుడో చెయ్యి వేసి ఉండేవారు.

ఎవరి నియమాలు వాళ్లవి అన్న విషయంలో ముకుర్తు కథ నాకు ధైర్యం ఇస్తుంది. ఆస్ట్రేలియాలో టెనెంట్ క్రీక్ దగ్గర వారుముంగు అనే ఆదివాసులతో కలిసి పనిచేసినవాళ్లు తయారు చేసిన సాఫ్ట్‌వేర్ అది. చనిపోయినవాళ్ల ఫొటోలు ఎవరు చూడవచ్చు, ఆడవాళ్లకి మాత్రమే చెందినవి ఏవి, మగవాళ్లకి చెందినవి ఏవి అన్న కట్టుబాట్లు వాళ్లకి ఉన్నాయి. ఆ కట్టుబాట్ల మీదే సాఫ్ట్‌వేర్‌ని కట్టారు. తర్వాత ఇతర దేశాల ఆదివాసులు కూడా వాడుకుంటున్నారు. ముందు మనుషుల దగ్గర కూర్చుని, వాళ్లు వస్తువుల్ని ఎలా చూసుకుంటారో తెలుసుకుని, ఆ తర్వాత రాయడం మొదలుపెట్టారు. మా ఊరి లైబ్రరీ అవసరాలు దాంతో పోలిస్తే చాలా చిన్నవి.

ఇప్పుడెలా ఉంది

సంక్రాంతి సెలవుల్లో మిగిలిన మూడు రోజులూ లైబ్రరీలోనే కూర్చున్నాను. గళ్లకి రిజిస్టర్లో ఉన్న పేర్లే పెట్టాను, అదే వరసలో. వాడని తొమ్మిది గళ్లు కనపడకుండా దాచాను. అవసరమైతే బయటికి వస్తాయి. రిమార్కులు అని ఒక పెద్ద గడి పెట్టాను. ‘భద్రపరచు’ బటన్ పేజీ ఎంత కిందికి వెళ్లినా కనపడేలా చేశాను. ప్రతి ఫొటో కిందా ‘ఇది దిద్దు’ అని ఒక లింకు, మేడమ్ గారు లాగిన్ అయి ఉంటేనే కనపడుతుంది, నొక్కితే సరిగ్గా ఆ పేర్ల గడి దగ్గరికే తీసుకెళ్తుంది. చరిత్ర చూసే ఏర్పాటు ఇంకా కుదరలేదు. అది ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు లోపలి నుంచి చేయాలి. వాళ్లకి వివరంగా రాశాను, కనుమ రోజు నలభై నిమిషాల్లో ఏం జరిగిందో నిమిషం నిమిషం.

శ్రీరామనవమికి మళ్లీ వెళ్లాను. మానిటర్ అంచున ఒక్క చీటీ మిగిలింది. ఫొటోలో సెక్రటరీ గారి తమ్ముడి పేరు సరిగ్గా ఉంది, మేడమ్ గారే మార్చారు. కింద రిమార్కుల్లో ‘మాస్టారు ఫోన్లో చెప్పినది’ అని కూడా రాశారు. ఇంకో పదకొండు ఫొటోలకి పేర్లు చేర్చారు, నాకు చెప్పలేదు కూడా.

మిగిలిన చీటీ సాధారణ నామ సంవత్సరానిది. తేదీ గడిని నేను మార్చలేకపోయాను, అది ఇప్పటికీ మూడు అంకెలూ అడుగుతోంది. ప్రస్తుతానికి 1910, జనవరి 1 అని వేసేద్దాం మేడమ్ అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. “జనవరి అంటే ఇంకా సౌమ్యే కదా బాబూ. ఉగాది దాటితే గానీ సాధారణ రాదు” అని, ఊడిపోతున్న చీటీకి కొత్త టేపు అంటించారు.